పాత చిరునామా ఎక్కడెక్కడ రాసి ఉంది?

డెబియన్ 9 వచ్చింది 2017లో. అప్పుడే దాన్ని నా డెస్క్‌టాప్‌లో వేసుకున్నాను. తర్వాత 2019లో 10, 2021లో 11, 2023లో 12 వచ్చాయి. వచ్చినప్పుడల్లా ఉన్నదాన్నే అప్‌గ్రేడ్ చేసుకున్నాను తప్ప, తుడిచేసి మళ్ళీ వేసింది లేదు. ఏడేళ్ళలో ఆ సిస్టం చేతికి అలవాటైన కత్తిపీటలా తయారైంది. నేను తెలుగు ఆర్‌టీఎస్ పద్ధతిలో టైపు చేస్తాను. అరసున్నకీ బండి ఱకీ నాకు వీలైన మీటలు నేనే రాసి పెట్టుకున్నాను. రాత్రి పదకొండింటికి నా రాతలన్నీ ఇంకో డిస్కులోకి వాటంతటవే కాపీ అయ్యే ఏర్పాటు ఉంది. ప్రింటరు తెలుగు అక్షరాలను సరిగ్గా అచ్చువేయడానికి ఒకసారి రెండు రోజులు కూర్చున్నాను. చివరికి ఏం మారిస్తే అది దారికొచ్చిందో ఇప్పుడు నన్నడిగితే చెప్పలేను. ఆ జవాబు నా బుర్రలో లేదు, ఆ యంత్రంలో ఉంది.

అలాంటి యంత్రం ఒక వేసవిలో నడుస్తూ నడుస్తూ ఆగిపోవడం మొదలుపెట్టింది. కొత్తది కొన్నాను. మా అక్క కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, పెట్టె విప్పడానికి సాయం వచ్చాడు. నేను చేయబోయేది చెబితే ఆశ్చర్యపోయాడు.

“మామయ్యా, ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని కొత్తగా ఓఎస్ వేసేసుకుంటే గంటలో అయిపోతుంది కదా?”

వాడన్నది తప్పు కాదు. మీ కంప్యూటర్‌లో ఉన్నవి ఒక బ్రౌజరు, నాలుగు సినిమాలు, కాలేజీ ప్రాజెక్టు రిపోర్టు మాత్రమే అయితే మీరూ అదే చేయండి. సిస్టం ఎప్పటినుంచో సతాయిస్తుంటే, ఎందుకు సతాయిస్తోందో తెలియకపోతే, దాన్ని మోసుకెళ్ళడమంటే ఆ రోగాన్నీ వెంట తీసుకెళ్ళడమే. అప్పుడు కూడా కొత్తగా వేసుకోవడమే మేలు. ఈ అధ్యాయం మూడో రకం వాళ్ళ కోసం. సిస్టం బాగానే ఉంది, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా దిద్దుకున్నారు, ఆ దిద్దుబాట్లన్నీ ఒక కాగితం మీద రాయమంటే రాయలేరు. మీరు ఆ మాట ఒప్పుకుంటే, ఆ సిస్టంను ఉన్నదున్నట్టుగా తరలించడం నేర్చుకోవాలి.

తరలింపు అనగానే భయపడేవాళ్ళు అనుకునేది ఒకటే: ఓఎస్ అంటే ఫైళ్ళకు మించిన గూఢమైనదేదో, డిస్కుకు అతుక్కుపోయి ఉంటుంది, కదిపితే ఊడిపోతుంది అని. లినక్స్‌లో అది దాదాపు పూర్తిగా ఫైళ్ళే. కెర్నల్ ఒక ఫైలు. సెట్టింగులు ఫైళ్ళు. యూజర్ల పేర్లు, పాస్‌వర్డుల గుర్తులు ఫైళ్ళు. ఆ ఫైళ్ళన్నీ హక్కులూ యాజమాన్యమూ చెడకుండా కొత్త డిస్కులోకి చేరితే పని ముప్పాతిక వంతు అయినట్టే. ఇక చెడేది ఎక్కడంటే, ఆ లక్షల ఫైళ్ళలో పాత యంత్రం చిరునామా రాసి ఉన్న ఓ ఏడెనిమిది చోట్ల. ఇల్లు మారినప్పుడు బీరువాలూ మంచాలూ కాదు కదా ఇబ్బంది పెట్టేది. గ్యాసు కనెక్షనూ రేషన్ కార్డూ బ్యాంకు పుస్తకమూ. ఇక్కడా అంతే.

ముందు కాపీ సంగతి చూద్దాం. పాత సిస్టం నడుస్తుండగా దాన్ని కాపీ చేయకండి. తెరిచి ఉన్న ఫైలు సగంలో దొరుకుతుంది, డేటాబేస్ ఉంటే మరీ ప్రమాదం. పాత ఎస్‌ఎస్‌డీని విప్పి, కొన్ని వందల రూపాయలకు దొరికే యూఎస్‌బీ అడాప్టర్‌కు తగిలించి, కొత్త యంత్రానికి పెట్టండి. కొత్త యంత్రాన్ని లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేపండి. అప్పుడు పాతదీ కొత్తదీ రెండూ నిద్రపోతూ ఉంటాయి, మీరు మాత్రం మేలుకుని ఉంటారు. పాత డిస్కు చప్పుడు చేస్తున్నా, చదవడంలో తప్పులు చూపిస్తున్నా ఈ పద్ధతి వద్దు. ముందు డీడీరెస్క్యూతో దాని నకలు తీసి, ఆ నకలు మీద పని చేయండి.

కొత్త డిస్కును జీపీటీ పద్ధతిలో విభజించండి. మొదట 512 ఎంబీ నుంచి ఒక జీబీ దాకా చిన్న భాగం, ఫ్యాట్32తో ఫార్మాట్ చేసింది. దాన్ని ఈఎఫ్‌ఐ భాగం అంటారు. మిగతాది ఎక్స్‌ట్4. పాతదాంట్లో స్వాప్‌కు వేరే భాగం ఉంటే కొత్తదాంట్లోనూ పెట్టుకోవచ్చు. నేను పెట్టలేదు, దాని బదులు ఒక ఫైలు చేసుకున్నాను.

ఇప్పుడు ఈ పనంతటిలో నేను ఎక్కువగా చెప్పదలుచుకున్న జాగ్రత్త. పాత డిస్కును మౌంట్ చేసేటప్పుడు చదవడానికి మాత్రమే అన్న షరతుతో మౌంట్ చేయండి. కమాండులో ఆర్, ఓ అనే రెండు అక్షరాలు, అంతే. కాపీ చేసే వేళ ఎటునుంచి ఎటు అన్నది తారుమారైతే ఖాళీ డిస్కు మీ ఏడేళ్ళ డిస్కు మీదికి వెళుతుంది. ఆ రెండు అక్షరాలు ఉంటే కంప్యూటరే ‘కుదరదు’ అని ఆపేస్తుంది. అర్ధరాత్రి అలిసిపోయిన కళ్ళతో పని చేస్తాం మనం. మన ఏకాగ్రత మీద ఆధారపడే జాగ్రత్త కంటే, మనం మరిచిపోయినా పనిచేసే జాగ్రత్త మంచిది.

కాపీకి ఫైల్ మేనేజర్‌లో లాగి వదలడం పనికిరాదు. అలా చేస్తే ఫైళ్ళ యాజమాన్యం మారిపోతుంది, సిస్టం లేవదు. దీనికి వాడవలసింది ఆర్‌సింక్. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరాస్ తయారుచేసిన ఈ పనిముట్టు ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ పనికి నమ్మదగింది. దానికి ఇవ్వాల్సిన అక్షరాలు నాలుగు. చిన్న ఏ ఇస్తే హక్కులు, తేదీలు, యజమానులు, లింకులు వస్తాయి. పెద్ద హెచ్ హార్డ్‌లింకుల కోసం. పెద్ద ఏ అదనపు అనుమతుల జాబితాల కోసం. పెద్ద ఎక్స్ ఫైళ్ళకు అంటిపెట్టుకుని ఉండే అదనపు గుణాల కోసం. కొన్ని ప్రోగ్రాములకు ఇచ్చిన ప్రత్యేక అధికారాలు అక్కడే దాగి ఉంటాయి. వీటితో పాటు న్యూమరిక్ ఐడీస్ అనే మాట కూడా చేర్చండి. లైవ్ పెన్‌డ్రైవ్‌లో యూజర్లకు కొన్ని నంబర్లు, మీ సిస్టంలో వేరే నంబర్లు ఉండవచ్చు. పేర్లు చూసి కాదు, నంబర్లు చూసి కాపీ చేయి అని దానికి చెప్పడమన్నమాట.

ఇంకో చిన్న విషయం చాలామందిని బాధపెడుతుంది. పాత ఫోల్డరు పేరు చివర ఏటవాలు గీత పెడితే లోపలి సరుకు మాత్రమే వెళుతుంది. పెట్టకపోతే ఫోల్డరే వెళ్ళి కొత్తదాని లోపల కూర్చుంటుంది. మొదట చిన్న ఎన్ పెట్టి నడపండి. ఏమేం కాపీ చేస్తుందో చూపిస్తుంది కానీ చేయదు. ఆ జాబితా రెండు నిమిషాలు చదివి, బాగుందనుకుంటే ఎన్ తీసేసి నడపండి. నాకు 180 జీబీకి గంటకు పైగా పట్టింది. నీలం రంగు యూఎస్‌బీ పోర్టు ఉంటే అదే వాడండి, సాధారణంగా వేగమైనది అదే.

కాపీ అయ్యాక వెంటనే రీస్టార్ట్ కొట్టాలనిపిస్తుంది. కొట్టకండి. చిరునామాలు ఇంకా పాతవే.

మొదటి చిరునామా ఎట్సీ ఫోల్డరులోని ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అనే ఫైలులో ఉంటుంది. ఏ డిస్కు భాగం ఎక్కడ తెరుచుకోవాలో సిస్టం అక్కడే చూస్తుంది. ప్రతి భాగానికీ ఫార్మాట్ చేసినప్పుడు పుట్టే గుర్తు ఒకటుంటుంది, దాన్ని యూయూఐడీ అంటారు. ఎక్స్‌ట్4కైతే 32 అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవాటి గుర్తు. ఫ్యాట్32కైతే నాలుగూ నాలుగూ ఎనిమిది మాత్రమే. బీఎల్‌కేఐడీ అనే కమాండు కొత్త గుర్తులు చూపిస్తుంది. వాటిని చేత్తో టైపు చేయకుండా కాపీ చేసి అతికించండి. డిస్కును డిస్కుగా మొత్తం క్లోన్ చేసేవాళ్ళకు ఈ మార్పు అక్కర్లేదు, గుర్తు కూడా క్లోన్ అవుతుంది. కానీ అప్పుడు రెండు డిస్కులకూ ఒకే పేరు ఉంటుంది. రెండూ తగిలించి ఉంచితే సిస్టం దేన్ని తెరిచిందో మీకు తెలియదు. ఫైళ్ళుగా కాపీ చేయడం నాకు నచ్చడానికి ఇదొక కారణం.

రెండో చిరునామా బూట్ లోడర్‌ది. నా పాత యంత్రం బయోస్ పద్ధతిలో లేచేది, కొత్తది యూఈఎఫ్‌ఐ. బయోస్ రోజుల్లో గ్రబ్ అనే ఆ లోడర్ మొదటి ముక్క డిస్కు మొదట్లో ఉండేది. యూఈఎఫ్‌ఐలో ఆ ఫ్యాట్32 భాగంలో ఫైలుగా ఉంటుంది, అది ఎక్కడుందన్న సంగతి మదర్‌బోర్డు తన సొంత జ్ఞాపకంలో రాసుకుంటుంది. జాగ్రత్తగా గమనించండి, ఆ రాత డిస్కులో లేదు, మదర్‌బోర్డులో ఉంది. అందుకే పాత యంత్రం యూఈఎఫ్‌ఐ అయినా, డిస్కు ఎంత చక్కగా కాపీ చేసినా, కొత్త మదర్‌బోర్డుకు మీ సిస్టం ఉన్నట్టే తెలియకపోవచ్చు.

దీన్ని సరిచేయాలంటే కొత్త డిస్కులోని సిస్టం లోపలికి వెళ్ళాలి. కొత్త రూట్‌ను, అంటే సిస్టం ఉన్న ఎక్స్‌ట్4 భాగాన్ని, మౌంట్ చేసి, ఈఎఫ్‌ఐ భాగాన్ని దాని చోట పెట్టి, డెవ్, ప్రాక్, సిస్, రన్ అనే నాలుగు ఫోల్డర్లను లైవ్ సిస్టం నుంచి లోపలికి కలిపి, క్రూట్ అనే కమాండు ఇస్తే చాలు. అక్కడినుంచి మీరు టైపు చేసేదంతా మీ పాత సిస్టంలో టైపు చేసినట్టే. మొదటిసారి క్రూట్ చేసి నా పాత సెట్టింగుల టెర్మినల్ కొత్త యంత్రంలో కనబడినప్పుడు, ఇది అయ్యే పనే అన్న ధైర్యం వచ్చింది. అక్కడ గ్రబ్ పీసీ తీసేసి గ్రబ్ ఈఎఫ్‌ఐ ప్యాకేజీ పెట్టాలి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే షిమ్ సైన్డ్ కూడా కావాలి. లోపల ఇంటర్నెట్ రాకపోతే లైవ్ సిస్టంలోని రిజాల్వ్‌కాన్ఫ్ ఫైలును లోపలికి కాపీ చేయండి. గ్రబ్ ఇన్‌స్టాల్, అప్‌డేట్ గ్రబ్ నడపండి. ఒక్క షరతు: లైవ్ పెన్‌డ్రైవ్ కూడా యూఈఎఫ్‌ఐ పద్ధతిలోనే లేచి ఉండాలి. లేకపోతే మదర్‌బోర్డు జ్ఞాపకంలో రాయడానికి దారే దొరకదు.

కొన్ని మదర్‌బోర్డులు ఎంత రాసినా మరిచిపోతాయి. వాటికోసం ఈఎఫ్‌ఐ ఫోల్డరులో బూట్ అనే ఉపఫోల్డరులో గ్రబ్ ఇంకో నకలు ఉంచమనండి, గ్రబ్ ఇన్‌స్టాల్‌కు రిమూవబుల్ అన్న మాట చేరిస్తే చాలు. ఎవరూ ఏమీ చెప్పకపోయినా యూఈఎఫ్‌ఐ వెతికే చోటు అది.

మూడోది ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్. కెర్నల్ లేవగానే డిస్కును తెరవాలంటే డ్రైవరు కావాలి, ఆ డ్రైవరు డిస్కులోనే ఉంది. ఈ చిక్కు తీర్చడానికి అవసరమైన డ్రైవర్లను ఒక చిన్న మూటగా కట్టి కెర్నల్‌తో పాటే పంపుతారు. డెబియన్‌లో మామూలుగా ఆ మూటలో చాలా యంత్రాలకు సరిపడే డ్రైవర్లు ఉంటాయి. కానీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఎవరైనా ‘ఈ యంత్రానికి కావలసినవే’ అన్న ఎంపిక ఎంచుకుని ఉంటే, పాత సాటా డిస్కు డ్రైవరు ఉంటుంది, కొత్త ఎన్‌వీఎంఈ డ్రైవరు ఉండకపోవచ్చు. క్రూట్‌లో ఉండగానే ఆ సెట్టింగు చూసి, మూటను మళ్ళీ కట్టించండి. అక్కడే రెజ్యూమ్ అనే చిన్న ఫైలులో పాత స్వాప్ గుర్తు ఉంటే, లేని డిస్కు కోసం ప్రతి బూట్‌లోనూ ఎదురుచూపులే. దాన్నీ మార్చండి.

మిగతావి త్వరగా చెబుతాను. నెట్‌వర్కు కార్డు పేరు మారుతుంది. ఈఎన్‌పీ3ఎస్0 అన్న పేరు ఆ కార్డు మదర్‌బోర్డులో ఏ స్థానంలో ఉందో చెప్పేది, కాబట్టి సెట్టింగుల్లో ఆ పేరు రాసి ఉంటే మార్చాలి. డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ వేరే విభాగంగా వస్తోంది. పాతకాలం నుంచి అప్‌గ్రేడ్ చేసుకుంటూ వచ్చినవాళ్ళ సోర్సెస్ లిస్టులో ఆ విభాగం ఉండకపోవచ్చు, చేర్చకపోతే వైఫై పనిచేయకపోవచ్చు. ఎన్‌విడియా సొంత డ్రైవరు ఉంటే, కొత్త యంత్రంలో వేరే గ్రాఫిక్స్ ఉంటే, తరలించే ముందే తీసేయండి. యంత్రం మరీ కొత్తదైతే డెబియన్ 12 మామూలు కెర్నల్ దాన్ని గుర్తించకపోవచ్చు, అప్పుడు బ్యాక్‌పోర్ట్స్ నుంచి కొత్త కెర్నల్ ముందే వేసుకోవాలి. పాత యంత్రాన్ని కూడా ఇంట్లోనే వాడతారనుకుంటే, ఒకదానికి మెషీన్ ఐడీ, ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు కొత్తవి చేయండి. ఒకే మెషీన్ ఐడీ ఉన్న రెండు యంత్రాలకు రూటరు ఒకే అడ్రసు ఇచ్చే అవకాశం ఉంది.

ఇన్ని చెప్పిన నేనే ఒకటి వదిలేశాను. రీస్టార్ట్ చేశాను. గ్రబ్ వచ్చింది. వరుసలు పరుగెత్తాయి. ఒకచోట ఆగి, ఏదో డిస్కు కోసం ఎదురుచూస్తున్నానంటూ ఒకటిన్నర నిమిషాల లెక్క మొదలైంది. లెక్క ముగిశాక ఎమర్జెన్సీ మోడ్ అన్నది. రూట్ ఖాతాకు తాళం ఉంది కనుక లోపలికి రానివ్వనంది. అప్పుడు రాత్రి పదకొండు. కెర్నల్ చెడిందనుకున్నాను, గ్రాఫిక్స్ అనుకున్నాను, గ్రబ్ రెండోసారి వేశాను. పన్నెండున్నరకు, మేనల్లుడి మాటే నయం, కొత్తగా వేసుకుందాం అన్న నిస్పృహలోకి వచ్చాను. ఒంటి గంటకు ఆ స్క్రీనును మొదటిసారి నిదానంగా చదివాను. ఏ డిస్కు కోసం ఎదురుచూస్తోందో దాని గుర్తుతో సహా రాసే ఉంది. పాత యంత్రంలో ఫొటోల కోసం పెట్టుకున్న రెండో హార్డ్ డిస్కు అది. దాన్ని నేను తీసుకురానే లేదు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో దాని వరుస మాత్రం అలాగే ఉంది. లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేపి, ఆ వరుసలో నోఫెయిల్ అన్న ఒక్క మాట చేర్చడానికి పట్టింది రెండు నిమిషాలు.

ఆ రెండు గంటలు పోయింది నాకు తెలియక కాదు, చదవకపోవడం వల్ల. అప్పటినుంచి నేను ఒక అలవాటు చేసుకున్నాను. యంత్రం ఆగినప్పుడు ‘ఏం చెడింది’ అని కాకుండా ‘ఎక్కడిదాకా వచ్చింది’ అని అడుగుతాను. బూట్ అనేది రిలే పరుగు. మదర్‌బోర్డు గ్రబ్‌కు అందిస్తుంది, గ్రబ్ కెర్నల్‌కూ దాని మూటకూ, మూట రూట్ డిస్కుకు, అక్కడినుంచి సిస్టండీ అనే ప్రోగ్రాము మిగతావాటిని లేపుతుంది. బూట్ చేయదగిన డిస్కు లేదంటే మదర్‌బోర్డుకు చిరునామా తెలియలేదు. గ్రబ్ రెస్క్యూ అని ఆగితే గ్రబ్ దొరికింది, దాని మిగతా ఫైళ్ళు దొరకలేదు. బ్రాకెట్లలో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అని ఆగితే మూట దాకా వచ్చింది, రూట్ డిస్కు కనబడలేదు. ఎమర్జెన్సీ మోడ్ అంటే రూట్ తెరుచుకుంది, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఇంకేదో దొరకలేదు. అన్నీ అయి స్క్రీను నల్లగా ఉంటే గ్రాఫిక్స్ డ్రైవరు; గ్రబ్‌లో నోమోడ్‌సెట్ అని చేర్చి లేపి చూడండి. ఈ మెట్లు ఒక కాగితం మీద రాసుకుని యంత్రం పక్కన పెట్టుకోండి. ఎంత దూరం వచ్చిందో తెలిస్తే, దానికి వెనకున్నవన్నీ బాగానే ఉన్నాయని కూడా తెలుస్తుంది. చేయి వణక్కుండా ఉండేది అప్పుడే.

విండోస్ వాడేవాళ్ళకు రెండు మాటలు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, అందువల్ల కొత్త యంత్రాలు కొంటున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. యంత్రంతో పాటు వచ్చిన లైసెన్సు ఆ యంత్రానికే చెందుతుంది, విడిగా కొన్నదైతేనే వెంట తీసుకెళ్ళవచ్చు. డిస్కు విప్పే ముందు బిట్‌లాకర్ ఉందో లేదో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకున్నాకే స్క్రూడ్రైవరు తీయండి. ఆ తాళం పాత మదర్‌బోర్డులోని చిప్పును నమ్ముకుని ఉంటుంది. కీ లేకుండా కొత్త యంత్రంలో ఆ డిస్కు తెరుచుకోదు, మీ ఫొటోలైనా సరే.

పాత డిస్కును వెంటనే చెరపకండి. నేను కవరులో పెట్టి, పైన తేదీ రాసి, మూడు నెలలు బీరువాలో ఉంచాను. మొదటి వారంలోనే రెండుసార్లు తీయవలసి వచ్చింది. అరసున్న మీట మాత్రం మొదటి రోజే పనిచేసింది. హోం ఫోల్డరులో చుక్కతో మొదలయ్యే, మామూలుగా కంటికి కనబడని ఎం17ఎన్ ఫోల్డరులో అది భద్రంగా వచ్చింది. ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఉంటే వదిలేసేది సరిగ్గా దాన్నే.

మొన్న మా మేనల్లుడు ఫోను చేశాడు. స్నేహితుడి ల్యాప్‌టాప్ తరలిస్తున్నాడట.

“మామయ్యా, బ్రాకెట్లలో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అని వచ్చి ఆగింది.”

“ఎక్కడిదాకా వచ్చింది రా?”

కాసేపు మాట లేదు. “గ్రబ్ దాటింది. కెర్నల్ లేచింది. డిస్కు కనబడలేదు,” అన్నాడు. తర్వాత కీబోర్డు చప్పుడు వినబడింది. “ఉండు మామయ్యా, మూటలో ఏమున్నాయో చూసి చెబుతా.”